స్వీయప్రచురణ, సంస్థాగత ప్రచురణ: తెలుగు పరిశోధన గ్రంథం విషయంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సిద్ధాంతగ్రంథాన్ని పుస్తకంగా వెలువరించాలనుకునే పరిశోధకులకు రెండు మార్గాలున్నాయని సాధారణంగా చెప్పుకొంటాం. సొంతంగా అచ్చువేసుకోవడం ఒకటి, ప్రచురణసంస్థకు అప్పగించడం మరొకటి. తెలుగు పరిశోధనరంగంలోని వాస్తవస్థితికి ఈ విభజన సరిపోదని, పుస్తకం మీది సంస్థ పేరు కంటే పెట్టుబడి, ఎంపిక, పరిష్కరణ, పంపిణీ, హక్కుల బాధ్యతను ఎవరు వహించారన్నదే అసలు భేదమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు ప్రచురణ చరిత్రలోని కొన్ని ఉదాహరణలు, గ్రంథస్వామ్య చట్టం, విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనలు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: స్వీయప్రచురణ, ప్రచురణకర్త, సిద్ధాంతగ్రంథం, గ్రంథస్వామ్యం, ఐ.ఎస్.బి.ఎన్., పరిష్కరణ, పంపిణీ.

1. ప్రవేశిక

తెలుగు పరిశోధన గ్రంథాన్ని దేన్నైనా తెరిచి శీర్షికపుట వెనుకవైపు చూస్తే, ఆ పుస్తకం ఎలా పుట్టిందో చాలావరకు తెలిసిపోతుంది. ప్రథమ ముద్రణ సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల, ముద్రణాలయం పేరు, చివర 'ప్రతులకు' అన్న మాట కింద ఒక చిరునామా అక్కడ ఉంటాయి. అనేక పుస్తకాల్లో ఆ చిరునామా రచయిత ఇల్లే. 'ప్రచురణ' అన్నచోట కనిపించే సంస్థ పేరులో రచయిత తల్లి పేరో, కుమార్తె పేరో ఉంటుంది. ఆ సంస్థ నుంచి అంతకుముందు మరో పుస్తకం వచ్చి ఉండదు. మరికొన్ని పుస్తకాల్లో పేరున్న సంస్థ ముద్ర, దాని విక్రయశాలల జాబితా ఉంటాయి. రచయితను అడిగితే మాత్రం అచ్చుఖర్చంతా తానే చెల్లించానని, ప్రతుల్లో అధికభాగం తన ఇంటికే చేరాయని చెబుతారు. మొదటిదాన్ని స్వీయప్రచురణ అనడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. రెండోదాన్ని ఏమనాలి?

ఇది కేవలం పేరు పెట్టడానికి సంబంధించిన ప్రశ్న కాదు. అధ్యాపకుల నియామకాల్లోనూ పదోన్నతుల్లోనూ పుస్తకానికి గుణాంకాలున్నాయి. పరిశోధక వేతనం ఆగిపోయి ఉద్యోగం ఇంకా రాని దశలో అర లక్ష రూపాయలు చిన్న మొత్తం కాదు. వీటన్నింటికంటే ముఖ్యంగా, అయిదారేళ్లు శ్రమించి సేకరించిన విషయం తర్వాతి పరిశోధకుడి చేతికి చేరుతుందా లేదా అన్నది ఈ నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది.

2. తెలుగులో రెండు సంప్రదాయాలు

గ్రంథానికయ్యే వ్యయాన్ని ఎవరు భరించాలన్నది మనకు పాత ప్రశ్నే. ప్రబంధకవికి కృతిభర్త ఉండేవాడు. అచ్చు వచ్చిన తర్వాత ఆ స్థానాన్ని జమీందార్లు, ప్రచురణకర్తలు, చందాదారులు పంచుకున్నారు. వీరెవరూ లేనప్పుడు, ఒక్కొక్కసారి ఉన్నప్పటికీ, రచయితే ఆ పనికి పూనుకున్నాడు. 'ఎవరూ వేయకపోతే తానే వేసుకున్నాడు' అన్న చిన్నచూపు ఇటీవల ఏర్పడింది. దానికి చరిత్ర మద్దతు లేదు.

కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించి, ఆ తర్వాత రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయాన్ని ఏర్పరచుకున్నారు. రాజశేఖర చరిత్రము ఆ పత్రికలో ధారావాహికగా వచ్చి 1880లో పుస్తకమైంది. రచయిత, పత్రికాసంపాదకుడు, ముద్రాపకుడు ఒక్కరే. తాను చెప్పదలచినదాన్ని ఇతరుల అనుమతి కోసం ఆపకూడదన్న పట్టుదల ఆ ఏర్పాటులో కనిపిస్తుంది. దిగంబర కవులు 1965, 1966, 1968 సంవత్సరాల్లో తమ మూడు సంపుటాలను తామే తెచ్చుకున్నారు. మొదటి సంపుటిని హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ కవిత్వాన్నీ ఆ ఆవిష్కరణనూ ఆనాటి ఏ వ్యాపారసంస్థా తలకెత్తుకునేది కాదు. రంగనాయకమ్మ పుస్తకాలు స్వీట్‌హోం పబ్లికేషన్స్ పేరిట వెలువడుతూ వచ్చాయి. పుటల సంఖ్యతో పోల్చితే వాటి వెల ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. వెలను నిర్ణయించే అధికారం రచయిత చేతిలో ఉంటే ఏం చేయవచ్చో చెప్పడానికి తెలుగులో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

సంస్థల పక్షాన కూడా అంతే బలమైన ఉదాహరణలున్నాయి. ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా 1910లో వావిళ్ళవారు ప్రచురించారు. అశ్లీలమన్న ఆరోపణపై ప్రభుత్వం ఆ గ్రంథాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం చొరవతో నిషేధం తొలగేవరకు ఆ కావ్యం బహిరంగంగా పాఠకులకు అందలేదు. నిషేధం తొలగాక వావిళ్ళవారే మళ్లీ అచ్చువేశారు. ఒక వ్యక్తి తన డబ్బుతో వేసుకున్న పుస్తకానికి ఇదే గతి పట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా ఒక గ్రంథాన్ని గుర్తుంచుకుని మళ్లీ అచ్చుకు ఎక్కించడానికి వ్యక్తి ఆయుర్దాయం కంటే పెద్దదైన నిర్మాణం కావాలి. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర, విజ్ఞానశాస్త్ర గ్రంథాలను చందాదారుల బలంతో వెలువరించింది. ఆరుద్ర సమగ్ర ఆంధ్ర సాహిత్యం వంటి బహుసంపుటాల గ్రంథాన్ని ఎం. శేషాచలం అండ్ కో తలకెత్తుకుంది. అంతటి పనిని ఒక రచయిత తన జేబు నుంచి నడిపించడం దుస్సాధ్యం.

ఈ రెంటికీ నడుమ మిత్రుల ప్రచురణ ఒకటుంది. మహాప్రస్థానానికి చలం 'యోగ్యతాపత్రం' రాసింది 1940లో. పుస్తకం వెలువడింది 1950లో, నళినీకుమార్ పూనికతో. ఆధునిక తెలుగు కవిత్వాన్ని మలుపుతిప్పిన సంపుటి ముందుమాట సిద్ధమయ్యాక పదేళ్లు ఆగింది. సంస్థలు మంచి పుస్తకాన్ని తప్పక గుర్తిస్తాయన్న నమ్మకాన్ని ఈ ఒక్క విషయం చాలావరకు సడలిస్తుంది.

పైన చెప్పిన పుస్తకాల్లో ఎక్కడా సందిగ్ధం లేదు. వీరేశలింగం నష్టపోతే ఆ నష్టం ఆయనది. రాధికాసాంత్వనం ప్రతులు అమ్ముడుపోకపోతే ఆ నష్టం వావిళ్ళవారిది. ప్రచురణకర్త ఎవరన్న ప్రశ్నకు ఆచరణలో నిలిచే సమాధానం ఇదే: పుస్తకం అమ్ముడుపోకపోతే ఎవరి డబ్బు పోతుందో వారే ప్రచురణకర్త.

3. సంస్థ పేరు, రచయిత డబ్బు

ఈ కొలతతో చూస్తే నేటి తెలుగు పరిశోధన గ్రంథాల్లో గణనీయమైన భాగం, ముద్ర ఎవరిదైనా, స్వీయప్రచురణలే. రచయిత ఒక మొత్తం చెల్లిస్తాడు. సంస్థ అక్షరకూర్పు, ముఖచిత్రం, ముద్రణ చేయించి తన పేరు, తన గ్రంథసంఖ్య ఇస్తుంది. కొన్ని ప్రతులు రచయితకు వస్తాయి. మిగిలినవి సంస్థ దగ్గర ఉంటాయి, లేదా అసలు అచ్చే కావు. దీనిలో అక్రమం ఏమీ లేదు. సేవకు రుసుము తీసుకునే ముద్రణసేవ ఇది. దాన్ని సంస్థాగత ప్రచురణగా భావించడంలోనే ఇబ్బంది ఉంది. రాతప్రతిని చదివి 'ఇది మా పెట్టుబడికి తగినది' అని నిర్ణయించేవారు ఈ ఏర్పాటులో ఉండరు. అమ్మకం కంటే ముందే డబ్బు చేతికందింది కనుక పుస్తకాన్ని అమ్మాలన్న తొందర కూడా సంస్థకు ఉండదు. రచయిత స్వీయప్రచురణలోని ఖర్చును, సంస్థాగత ప్రచురణలోని నిస్సహాయతను ఒకేసారి భరిస్తాడు.

సిద్ధాంతగ్రంథం సమర్పించిన కొద్ది నెలల్లోనే 'మీ పరిశోధనను పుస్తకంగా ప్రచురిస్తాం' అంటూ వచ్చే ఉత్తరాలు పరిశోధకులకు పరిచితమే. ఈ వ్యాసకర్తకూ అటువంటి ఉత్తరం వచ్చింది. అందులో పరిశోధన అంశం పేరు తప్పుగా ఉంది. రాతప్రతిని చూడకముందే 'మా సంపాదకమండలి ఆమోదించింది' అన్న వాక్యం మాత్రం స్పష్టంగా ఉంది.

రచయిత డబ్బు పెట్టాడా అన్న ఒక్క ప్రశ్నతో అన్నిటినీ తోసిపుచ్చడం కూడా సరికాదు. తిరుమల తిరుపతి దేవస్థానముల ఆర్థికసహాయంతో అచ్చయినట్టు ప్రకటించుకునే ధార్మిక గ్రంథాలు మన గ్రంథాలయాల్లో ఎన్నో ఉన్నాయి. తెలుగు విశ్వవిద్యాలయం గ్రంథముద్రణకు సహాయం చేసింది. భారతీయ సాంఘిక శాస్త్ర పరిశోధన మండలి సిద్ధాంతగ్రంథాల ప్రచురణకు నిధులిస్తుంది. వీటిలో రచయితే ప్రచురణకర్త అయినా, డబ్బు ఇచ్చే ముందు రాతప్రతిని పరిశీలించే ఏర్పాటు ఉంటుంది. ఎంపిక అన్న పని సంస్థలో జరిగి, తక్కిన పనులు రచయిత దగ్గర ఉండిపోయిన పద్ధతి ఇది. ఉద్యోగం లేని పరిశోధకుడు ముందుగా ప్రయత్నించవలసిన మార్గం ఇదేనని నా అభిప్రాయం. దరఖాస్తుకు పట్టే కాలానికి వెరచి చాలామంది దీన్ని వదిలేస్తున్నారు.

4. ఒక ఊహాలెక్క

స్వీయప్రచురణలో లాభమంతా రచయితదే అన్న మాట తరచు వినిపిస్తుంది. ఉదాహరణకు కొన్ని అంకెలు ఊహించి చూద్దాం. డెమ్మీ 1/8 పరిమాణంలో సుమారు 250 పుటల పుస్తకం, 500 ప్రతులు, కూర్పు, ముఖచిత్రం, కాగితం, ముద్రణ, బైండింగు అన్నీ కలిపి ప్రతికి 110 రూపాయల చొప్పున 55,000 రూపాయలు, వెల 250 రూపాయలు. పుస్తక విక్రేతలకు ఇచ్చే తగ్గింపు వెలలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. ఇక్కడ 40 శాతం అనుకుందాం. అప్పుడు ప్రతికి రచయిత చేతికి వచ్చేది 150 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావాలంటే 367 ప్రతులు అమ్ముడుపోవాలి. మొత్తం 500 అమ్మితే మిగులు 20,000 రూపాయలు.

కాని 500 ప్రతులూ అమ్మకానికి ఉండవు. పర్యవేక్షకులకు, పరీక్షకులకు, సమీక్షకులకు, విషయం ఇచ్చిన వక్తలకు, బంధుమిత్రులకు కలిపి నూరు ప్రతులు కానుకగా పోతాయి. మిగిలిన 400 అమ్మితే 60,000 రూపాయలు వస్తాయి, మిగులు 5,000. ఇదే పుస్తకాన్ని సంస్థ తన ఖర్చుతో వేసి పదిశాతం రాయల్టీ ఇస్తే, ఆ 400 ప్రతులకు రచయితకు 10,000 రూపాయలు వస్తాయి, పెట్టుబడి లేకుండా. విక్రేతల నుంచి డబ్బు రాబట్టుకోవడానికి చేసే ప్రయాణాలనూ ఫోన్లనూ మొదటి లెక్కలో నేను చేర్చలేదు.

ఈ లెక్కను మార్చగలిగే అంశం ఒక్కటే: విక్రేత ప్రమేయం లేకుండా పాఠకుడికి నేరుగా అమ్మడం. పై 400లో 200 ప్రతులను పూర్తి వెలకు అమ్మి, తపాలాఖర్చు ప్రతికి 30 రూపాయలు రచయితే భరించినా 44,000 వస్తాయి. మిగిలిన 200కు విక్రేతల నుంచి 30,000. మిగులు 19,000 అవుతుంది. అంటే తన పాఠకులు ఎవరో, ఎక్కడున్నారో తెలిసిన రచయితకే స్వీయప్రచురణ గిట్టుబాటు. ఒక కులవృత్తి మీద, ఒక జిల్లా జానపదకళ మీద, ఒక ఆలయ శాసనాల మీద పుస్తకం రాసిన పరిశోధకుడికి అటువంటి పాఠకులుంటారు. క్షేత్రపర్యటనలో కలిసిన మనుషులే అతని మొదటి కొనుగోలుదార్లు. 'ఆధునిక కవిత్వంలో అభ్యుదయభావాలు' వంటి అంశం మీద రాసినవారికి ఆ సౌకర్యం లేదు.

తపాలా విషయంలో ఇటీవలి మార్పును గమనించాలి. పుస్తకాలకు తక్కువ ధరలో అందుబాటులో ఉన్న రిజిస్టర్డ్ బుక్‌పోస్టు సౌకర్యాన్ని తపాలాశాఖ 2024 డిసెంబరులో నిలిపివేసింది. చిన్న ప్రచురణకర్తలకు అది పెద్ద దెబ్బ అయింది. 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' పేరుతో కొత్త సేవ మొదలైంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు గరిష్ఠంగా 100 రూపాయలు, పన్నులు అదనం. ఈ సేవ పొందడానికి పుస్తకం మీద ముద్రాపకుడి లేదా ప్రచురణకర్త పేరు ఉండాలి.

500 ప్రతులు ఒకేసారి వేయాలన్న నియమం కూడా ఇప్పుడు లేదు. ఆఫ్‌సెట్ ముద్రణలో ప్లేట్లు తయారు చేసి యంత్రాన్ని సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చు ప్రతులు పెరిగేకొద్దీ పలచబడుతుంది కనుక తక్కువ ప్రతులు గిట్టవు. డిజిటల్ ముద్రణలో ఆ ఖర్చు లేదు. ప్రతికి ధర కొంత పెరిగినా యాభై ప్రతులు వేయించి, అవి అయ్యాక మరో యాభై వేయించవచ్చు. పరిశోధన గ్రంథానికి ఈ పద్ధతే మేలు. ఈ వ్యాసకర్త తన గ్రంథాన్ని ఆఫ్‌సెట్‌లో వేయించి, పదేళ్ల తర్వాత కూడా అటక మీద రెండు కట్టలు మోస్తున్నాడు.

5. పదమూడు అంకెల సంఖ్య, పది గుణాంకాలు

గ్రంథసంఖ్య ఉంటేనే అది 'నిజమైన' పుస్తకమన్న అభిప్రాయం మన కళాశాలల్లో బలంగా ఉంది. ఐ.ఎస్.బి.ఎన్. పుస్తకాన్ని గుర్తించే సంఖ్య మాత్రమే. 2007 జనవరి నుంచి అది పదమూడు అంకెలు. భారతీయ గ్రంథాలకు 978 తర్వాత 81 లేదా 93 వస్తుంది. ఆపై ప్రచురణకర్తను, గ్రంథాన్ని సూచించే అంకెలు, చివర తనిఖీ అంకె ఉంటాయి. మన దేశంలో దీన్ని కేంద్ర విద్యామంత్రిత్వశాఖ పరిధిలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. వ్యక్తిగత రచయితలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కనుక 'ఐ.ఎస్.బి.ఎన్. ఇప్పిస్తాం' అని రుసుము అడిగేవారు ఉచితంగా దొరికేదాన్ని అమ్ముతున్నారు. ఆ సంఖ్య గ్రంథంలోని విషయం గురించి ఏమీ చెప్పదు. వంటల పుస్తకానికీ వ్యాకరణ గ్రంథానికీ అది ఒకే తీరున వస్తుంది.

గుణాంకాల విషయం ఇంతకంటే చిక్కైనది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల రెండో అనుబంధంలోని 2వ పట్టిక ప్రకారం, అంతర్జాతీయ ప్రచురణకర్త వెలువరించిన గ్రంథానికి 12, జాతీయ ప్రచురణకర్త వెలువరించిన గ్రంథానికి 10, సంకలన గ్రంథంలోని అధ్యాయానికి 5 గుణాంకాలు. గ్రంథానువాదానికి 8. స్వీయప్రచురణకు ఆ పట్టికలో ప్రత్యేకమైన గడి లేదు. దానితో పరిశీలకసంఘం ముందు కూర్చున్న అభ్యర్థి తన తల్లి పేరు మీది సంస్థ 'జాతీయ' ప్రచురణసంస్థ ఎలా అవుతుందో వివరించవలసి వస్తుంది. డబ్బు తీసుకుని ముద్ర ఇచ్చే సంస్థలు వృద్ధి చెందడానికి ఈ పట్టికే ప్రధాన కారణమని నేను భావిస్తున్నాను. అవి పుస్తకాన్ని కాక, ఆ గడిని అమ్ముతున్నాయి. గుణాంకాలే లక్ష్యమైనవారు ముందుగా తమ విశ్వవిద్యాలయంలో ఏ ముద్రను ఏ విధంగా లెక్కిస్తున్నారో విచారించుకుని, ఆ తర్వాతే డబ్బు చెల్లించడం వివేకం.

6. ఒప్పందం, హక్కులు

తెలుగు రచయితల్లో చాలామంది ప్రచురణకర్తతో రాతపూర్వక ఒప్పందం లేకుండానే పుస్తకం ఇస్తారు. పరిచయం, గౌరవం అడ్డు వస్తాయి. గ్రంథస్వామ్య చట్టం (1957) మాత్రం ఈ విషయంలో రచయితకు మనం అనుకునే దానికంటే ఎక్కువ అండగా ఉంది. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ సంతకంతో కూడిన రాతపత్రం ద్వారానే చెల్లుతుంది. ఆ పత్రంలో ఏ గ్రంథం, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో అన్నవి పేర్కొనాలి. కాలం చెప్పకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం చెప్పకపోతే భారతదేశంగా భావిస్తారు. హక్కులు పొందిన సంస్థ ఏడాదిలోగా వాటిని వినియోగించకపోతే, ఒప్పందంలో వేరే విధంగా లేనంతవరకు, ఆ హక్కులకు సంబంధించిన బదిలీ రద్దవుతుంది. రాతప్రతిని తీసుకుని ఏళ్ల తరబడి అచ్చువేయని సంస్థతో ఇబ్బంది పడుతున్నవారు ఈ నిబంధనను గుర్తుంచుకోవాలి. హక్కులు బదిలీ చేసిన తర్వాత కూడా రచయితగా తన పేరు ఉండాలని కోరే హక్కు, రచనను తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ ప్రకారం రచయితకే ఉంటాయి.

స్వీయప్రచురణలో హక్కులన్నీ రచయితవే, బాధ్యతలు కూడా. సాహిత్య పరిశోధన గ్రంథాల్లో అనుబంధాలుగా పూర్తి కవితలు, కథలు, ఛాయాచిత్రాలు చేర్చడం మనకు అలవాటు. విమర్శకోసం కొన్ని పంక్తులు ఉదహరించడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఒక కవి సంపుటిలో సగభాగాన్ని అనుబంధంగా ముద్రించడం దాని కిందికి రాదు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని అరవై ఏళ్లు గ్రంథస్వామ్యం ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ రచనలకు అనుమతి అక్కరలేదు. 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి వరకు కావాలి. బాధ్యతగల సంస్థ ఇటువంటి అనుమతులను అడిగి చూస్తుంది. సొంతంగా వేసుకునేటప్పుడు అడిగేవారుండరు.

7. 'ఇది వద్దు' అనేవారు

స్వీయప్రచురణలో నిజమైన లోటు డబ్బులో లేదు, పంపిణీలో కూడా లేదు. రాతప్రతి చదివి 'ఈ అధ్యాయం అక్కరలేదు' అని చెప్పే మనిషి లేకపోవడంలో ఉంది. సిద్ధాంతగ్రంథం పరీక్షకుడి కోసం రాసింది. పూర్వపరిశోధనల సమీక్ష, పద్ధతి వివరణ, ప్రతి అధ్యాయం చివర పునశ్చరణ ఆయనకు అవసరం. పుస్తకం కొన్న పాఠకుడికి అవి అడ్డు. పైగా విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతగ్రంథం శోధగంగలో ఉచితంగా లభిస్తున్నప్పుడు, దాన్నే యథాతథంగా అచ్చువేసి వెల పెట్టడంలో అర్థం ఏముంది? పరిశోధకులకు చేరడమే ధ్యేయమైతే ఆ పని శోధగంగ ఇప్పటికే చేస్తోంది. పుస్తకం వేరే పాఠకుడి కోసం రావాలి. రావాలంటే దాన్ని తిరిగి రాయాలి.

సంస్థకు ఇస్తే ఈ లోటు తీరుతుందా? తెలుగులో ఇక్కడ నిరాశే ఎక్కువ. ప్రూఫులు దిద్దేవారు చాలా సంస్థల్లో ఉన్నారు; గ్రంథపరిష్కర్తలు చాలా కొద్దిచోట్ల ఉన్నారు. అక్షరదోషాలు సవరించడం, వాదంలోని లోపాన్ని చూపడం వేర్వేరు పనులు. అందువల్ల ప్రచురణ ఏ మార్గంలో జరిగినా పరిష్కరణ బాధ్యత మన పరిశోధకుడి మీదే పడుతోంది. దానికి అతని దగ్గర ఎవరూ వాడుకోని ఒక సాధనం ఉంది. సిద్ధాంతగ్రంథం మీద పరీక్షకులు రాసిన నివేదికలు, మౌఖిక పరీక్షలో వేసిన ప్రశ్నలు అతనికి ముట్టిన విమర్శ. పట్టా వచ్చిన సంతోషంలో ఆ కాగితాలు బీరువాలోకి పోతాయి. వాటిని ముందు పెట్టుకుని రాతప్రతిని కుదించి, ఆపై ఆ రంగంలోని ఒకరికీ, ఆ రంగంతో సంబంధం లేని చదువరి ఒకరికీ ఇచ్చి రాతపూర్వకంగా అభిప్రాయం కోరితే, చాలా సంస్థలు చేసేదానికంటే ఎక్కువే జరిగినట్టు. చివర పదసూచిక చేర్చడం మరవకూడదు. తెలుగు పరిశోధన గ్రంథాల్లో పదసూచిక ఉన్నవి ఇప్పటికీ అరుదే.

అక్షరకూర్పు గురించి ఒక హెచ్చరిక. మన ముద్రణాలయాల్లో చాలాకాలం కూర్పు పేజ్‌మేకర్‌లో, అనూ వంటి యూనికోడేతర ఫాంట్లతో సాగింది, ఇప్పటికీ సాగుతోంది. ఆ ఫైలులోని పాఠాన్ని వేరేచోట తెరిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుస కనిపిస్తుంది. అంతర్జాలంలో వెతికితే దొరకదు, ఈ-పుస్తకంగా మారదు. కూర్పరి దుకాణం మారిస్తే రెండో ముద్రణకు మొదటినుంచి కూర్చవలసిందే. రాతప్రతి యూనికోడులో ఉంచుకోవడం, అచ్చుకు ముందు చేసిన సవరణలను అందులోకి కూడా ఎక్కించడం, ముద్రణకు పంపిన తుది ఫైలును అడిగి తీసుకోవడం రెండు మార్గాల్లోనూ రచయిత చేసుకోవలసిన పనులే. ఈ-పుస్తకాల విషయంలో తెలుగుకు ఇబ్బందులు అదనం. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలను ప్రారంభించింది. ఆ అయిదింటిలో తెలుగు లేదు. కినిగె వంటి తెలుగు వేదికల ప్రాముఖ్యం అక్కడే ఉంది.

8. గ్రంథాలయానికి చేరడం

సొంతంగా పుస్తకం వేసుకున్నవారు చట్టం దృష్టిలో ప్రచురణకర్తలే. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం, ప్రచురించిన 30 రోజుల్లోగా ఒక ప్రతిని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమరా, ముంబయిలోని కేంద్ర గ్రంథాలయం, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కొక్క ప్రతిని సొంత ఖర్చుతో పంపాలి. పెద్ద సంస్థల్లో దీన్ని చూసే గుమాస్తా ఉంటాడు. స్వీయప్రచురణకర్తల్లో చాలామందికి ఈ చట్టం ఉన్న సంగతే తెలియదు. శిక్ష నామమాత్రం కనుక ఎవరూ అడగరు. ఫలితంగా ఆ పుస్తకం జాతీయ గ్రంథసూచికి ఎక్కదు. తర్వాతి పరిశోధకుడి 'పూర్వపరిశోధనలు' అధ్యాయంలోకి రాదు. అదే అంశం మీద అదే పని మళ్లీ జరుగుతుంది.

ఈ నాలుగు గ్రంథాలయాల్లో ఏదీ తెలుగు రాష్ట్రాల్లో లేదు కాబట్టి మరికొన్నిటికి పంపడం అవసరం. హైదరాబాదులో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం, పరిశోధన జరిగిన జిల్లా కేంద్ర గ్రంథాలయం, తాను చదివిన శాఖ గ్రంథాలయం. కానుక ప్రతుల్లో పదిని వీటికి కేటాయిస్తే, పై లెక్కలో పెద్ద తేడా రాదు.

కొన్నేళ్ల క్రితం ఒక వృత్తిపదకోశం కోసం వెతుకుతూ, దాని ముద్రణవివరాల పుటలో 'ప్రతులకు' కింద ఉన్న చిరునామాకు ఉత్తరం రాశాను. చిరునామాదారు లేరన్న ముద్రతో తిరిగివచ్చింది. ముద్రణాలయం మూతపడి చాలాకాలమైంది. పుస్తకం వేటపాలెంలో దొరికింది. మొదటి పుటలో గ్రంథాలయానికి సమర్పిస్తూ రచయిత స్వయంగా చేసిన సంతకం, కింద తేదీ ఉన్నాయి. పుస్తకం అచ్చయిన నెలలోనే ఆయన దాన్ని అక్కడికి పంపారు.